ఇయాన్ హోమ్ గురించి తెలిసినవాళ్లు రండి (బిల్బో, యాష్, కింగ్ లియర్, ఇంకా ఆ ఏఐ మొహం)

సినీపురుగు:
నిన్న రాత్రి ఓటీటీలో ఏలియన్ రోములస్ చూశా. సినిమా ఓకే, భయపెట్టాల్సిన చోట బానే భయపెట్టాడు. కానీ మధ్యలో సగానికి తెగిపడి ఉన్న ఆండ్రాయిడ్ (మనిషిలా ఉండే రోబో) ఒకటి వస్తుంది చూడండి రూక్ అని, దాని మొహం చూడగానే ఈయన్నెక్కడో చూశానే ఎక్కడో చూశానే అని బుర్ర గోక్కుని గోక్కుని చివరికి పాజ్ కొట్టి వెతికితే ఇయాన్ హోమ్ అంట, 2020 జూన్‌లోనే పోయారంట. అంటే మనిషి పోయిన నాలుగేళ్లకి కొత్త సినిమాలో డైలాగులు చెప్తున్నాడు. ఒళ్లు జలదరించింది, ఏలియన్‌ని చూసి కాదు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో బిల్బో ఈయనే అని తప్ప నాకేం తెలీదు. అంత పెద్ద నటుడా? కాస్త ఓపిగ్గా రాయండి, వికీపీడియా లింకులు పడేసి పోవద్దు ప్లీజ్.

హాబిట్_పిల్లాడు:
"బిల్బో అని తప్ప" ఏంటి బ్రో, అదొక్కటి చాలదా :) మొదటి పార్ట్ ఫెలోషిప్‌లో రివెండెల్ సీన్ గుర్తు తెచ్చుకో. ముసలి బిల్బో ఫ్రోడోకి కత్తీ, మిథ్రిల్ చొక్కా ఇస్తూ ముద్దుముద్దుగా మాట్లాడుతుంటాడు, మెడలో ఉంగరం కనపడగానే ఒక్క సెకను దెయ్యంలా మీదకొస్తాడు. ఆ సెకను గ్రాఫిక్స్, ఒప్పుకుంటా. ఆ వెంటనే తనేం చేశాడో తనకే అర్థమై మొహం దాచుకుని ఏడుస్తాడు కదా, అక్కడ ఏ గ్రాఫిక్సూ లేవు, ముసలాయన ఒక్కడే.
ఇంకో సంగతి, 1981లో బీబీసీ రేడియోలో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సీరియల్‌గా వచ్చింది, అందులో ఫ్రోడో గొంతు ఈయనదే. శామ్ ఎవరనుకున్నారు, బిల్ నై. ఇరవై ఏళ్లకి సినిమా తీసేసరికి ఫ్రోడో కాస్తా బిల్బో అయ్యాడు.

నాటకాల_రాజు:
బాబులూ, మీరు సినిమాల దగ్గర మొదలెట్టారు గానీ ఆయన మొదలైంది అక్కడ కాదు. కొంచెం పొడుగవుద్ది, చదవండి.
1931 సెప్టెంబర్‌లో పుట్టాడు, ఎసెక్స్‌లో గుడ్‌మేస్ అనే ఊళ్లో. తండ్రి సైకియాట్రిస్టు, అక్కడి మానసిక వైద్యశాలకి సూపరింటెండెంటు. కుర్రాడి బాల్యం ఆ ఆసుపత్రి గాలిలోనే గడిచింది. తర్వాతెప్పుడో 1994లో ద మ్యాడ్‌నెస్ ఆఫ్ కింగ్ జార్జ్ సినిమాలో మతి చలించిన రాజుగారికి వైద్యం చేసే డాక్టర్ విల్లిస్ వేషం వేశాడు, రాజుని కూడా కుర్చీకి కట్టించే మొండి మనిషి. ఆ వేషంలో ఆయన చూపు చూస్తే నాకు ఆ ఆసుపత్రి బాల్యమే గుర్తొస్తది, నా ఊహే అనుకోండి.
రాడాలో, అంటే లండన్‌లో నటన నేర్పే పెద్ద స్కూల్లో చదివాడు, మధ్యలో సైన్యంలో తప్పనిసరి సర్వీసు. 1954లో షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో నాటక కంపెనీలో చేరాడు, ఒథెల్లోలో ఈటె పట్టుకుని నిలబడే వేషం, మాట లేదు. మరుసటేడు టైటస్ ఆండ్రోనికస్‌లో లారెన్స్ ఒలీవియే చేతిలో చచ్చిపోయే కొడుకు వేషం. పీటర్ హాల్ రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ పెట్టినప్పుడు మొదటి బ్యాచ్‌లో ఉన్నాడు. 1964లో షేక్‌స్పియర్ రాజులు ఐదో హెన్రీ, మూడో రిచర్డ్ రెండు వేషాలూ ఆయనే. ఈ మాట విలువ తెలియాలంటే మనిషి ఎంతుంటాడో తెలియాలి, పొట్టి, పసి మొహం. మన పరిషత్తు నాటకాల్లో దుర్యోధనుడు వేదికెక్కాడంటే చివరి బెంచీవాడికి కూడా మీసం కనపడాలి కదా, రిచర్డ్ అన్నా అక్కడ అదే అలవాటు, అప్పటికి ఒలీవియే వేసిన రిచర్డే జనం కళ్లలో ఉన్నాడు. ఈయన దాని జోలికే పోలేదు. చల్లగా, మర్యాదగా, పక్కింటి కుర్రాడిలా ఉంటూ ఒక్కొక్కళ్లనీ చంపించుకుంటూ పోయాడు. ద వార్స్ ఆఫ్ ది రోజెస్ పేరుతో బీబీసీ దాన్ని రికార్డు చేసి 1965లో చూపించింది కాబట్టి మనబోటి వాళ్లకి దక్కింది. బ్లాక్ అండ్ వైట్, ముందు కాస్త విసుగు పుట్టుద్ది, ఓపిక పట్టండి.

పద్మజ_కె:
రాజు గారూ, ద హోమ్‌కమింగ్ వదిలేశారేంటండీ? అసలైన పేరు తెచ్చింది అదే కదా. 1965లో హెరాల్డ్ పింటర్ నాటకం, లెనీ అనే తమ్ముడి వేషం. 1967లో బ్రాడ్‌వేలో ఆడినప్పుడు టోనీ అవార్డు (అమెరికాలో నాటకాలకి ఇచ్చే పెద్ద అవార్డు) కూడా వచ్చింది. 1973లో అదే సినిమాగా తీశారు, చూడొచ్చు.
అందులో గ్లాసు నీళ్ల సీను ఒకటుంది. అర్ధరాత్రి ముందుగదిలో లెనీ, అప్పుడే ఇంటికొచ్చిన వదిన రూత్. ముందు ఆవిడ పక్కనున్న యాష్ ట్రే తీసేస్తాడు. తర్వాత ఆవిడ తాగుతున్న గ్లాసు ఇటివ్వమంటాడు. అంతే, ఇద్దరి మధ్య ఒక మామూలు గాజు గ్లాసు. ఆవిడ ఇవ్వదు, పైగా గ్లాసు తీసుకుంటే నిన్నే తీసుకుంటా అన్నట్టు తిప్పి కొడుతుంది. అప్పటిదాకా గదంతా తనదే అన్నట్టు కథలు చెప్పినవాడి మొహంలో ధీమా ఎట్లా జారిపోతుందో చూడాలి. గొంతు పెంచడు, కనుబొమ్మ కూడా ఎత్తడు. రూత్‌గా వేసింది వివియన్ మర్చంట్, అప్పటికి పింటర్ భార్య, ఆవిడా తక్కువేం కాదు.

వరంగల్_వేణు:
ఏలియన్ల ఆయన ఏసిన యాష్ గురించి ఎవ్వరు రాయరేంది? నేనైతే 1979 ఏలియన్ ఎన్నిసార్లు చూసిన్నో లెక్కలేదు. ఫస్ట్ టైం చూసినప్పుడు ఆయన రోబో అని తెల్వది కద, మామూలు సైన్స్ ఆఫీసర్ అనుకుంటం. రెండోసారి చూస్తే తెలుస్తది, మొత్తం ముందుగాల్నే చూపెట్టిండని. ఒక్కడే ఉన్నప్పుడు మైక్రోస్కోప్ కాడ కూసునే ముందు నిలవడ్డ జాగల్నే ఉరికినట్టు కాళ్లు ఆడిస్తడు, రెండు సెకండ్లు, మనిషెవడు అట్ల చెయ్యడు. మళ్ల హీరోయిన్ రిప్లీ మీదికి పోయేముందు కణత మీదికెళ్లి తెల్లటి చుక్క ఒకటి జారుతది. చెమటనే అనుకుంటం. చెమట తెల్లగుంటదా? గప్పుడే గుండె జల్లుమంటది.
తల ఊడినంక టేబుల్ మీద పెట్టి మాట్లాడించినప్పుడు చూడుండ్రి, మీరు బతుకుడు కష్టమే, మీ మీద నాకు జాలైతుంది అన్నట్టు చెప్పి సన్నగ నవ్వుతడు. మెడ కిందికి బాడీ లేదు, చేతుల్లేవు, ఉన్నదల్లా మొహమే. గదొక్కటి చాలు ఆయనెంత నటుడో చెప్పనీకి.

సినీపురుగు:
వేణు అన్నా, ఇప్పుడే ఆ కాళ్లాడించే బిట్ మళ్లీ పెట్టుకుని చూశా. నిజమే! ఇంతకుముందు చూసినప్పుడు ఎలా మిస్సయ్యానో. రాజు గారూ, మరి అంత పెద్ద స్టేజి నటుడు 70ల్లో సినిమాలకి ఎందుకు వచ్చేశారు? డబ్బుల కోసమా?

నాటకాల_రాజు:
డబ్బు కాదు నాయనా. భయం.
1976లో ది ఐస్‌మాన్ కమెత్ అని యూజీన్ ఓనీల్ నాటకం, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వాళ్లే. ఈయన హికీ వేషం. తెలియనివాళ్లకి చెప్తున్నా, హికీకి చివర్లో పేజీలకి పేజీలు ఒక్కడే మాట్లాడే ఘట్టం ఉంటది. ప్రివ్యూల్లోనే మనిషి బిగుసుకుపోయాడు. మాట రావట్లేదు. వేదిక దిగి గ్రీన్‌రూంలోకి పోయాడు, మళ్లీ రాలేదు. అప్పటికి ఆయనకి నలభై నాలుగో ఏడు, ఇరవై ఏళ్ల అనుభవం, టోనీ అవార్డు, అన్నీ ఉన్నాయి.
నేను బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ పరిషత్తుల్లో వేషాలు వేసినవాణ్ణి, ఈ రోగం దగ్గర్నుంచి చూశా. మాట మర్చిపోవడం వేరు, అది అందరికీ అవుద్ది, ప్రాంప్టరు తెర పక్కనుంచి అందిస్తే దొరకబుచ్చుకుని పోతాం. ఇది అలా కాదు, ప్రాంప్టరు అరిచినా చెవికెక్కదు, ఎదుటి పాత్రధారి పెదాలు కదులుతుంటాయి, మనం ఎక్కడో బావిలో ఉంటాం. మా ట్రూపులో ఒకాయన, పేరెందుకులెండి, పద్యం ఎత్తుకుంటే హాలు దద్దరిల్లేది, ఒకసారి ఇలా అయ్యాక మళ్లీ మొహానికి రంగు పూసుకోలేదు. హార్మోనియం మీద కూర్చునేవాడు. అందుకని ఇయాన్ హోమ్ కథ చదివినప్పుడు నాకు వింతనిపించలేదు.

పద్మజ_కె:
మధ్యలో 1979లో హ్యాంప్‌స్టెడ్‌లో అంకుల్ వాన్యా చేశారు కదండీ, పూర్తిగా మానేశారనలేం. చిన్న థియేటరు అనుకోండి. కానీ పెద్ద రీఎంట్రీ అంటే 1993నే. అదీ పింటర్ రాసిన మూన్‌లైట్ కోసం, లండన్ అల్మీదా థియేటర్లో. మంచం మీద చావుకి దగ్గరపడిన తండ్రి పాత్ర. ఆయన్ని వెనక్కి లాక్కొచ్చింది మళ్లీ ఆ పింటర్ మాటలే, ఇది నాకు చాలా నచ్చుతుంది.
నా అభిప్రాయం చెప్తా, తిట్టుకోకండి. ఆ భయం లేకపోతే మనకి ఈ సినిమా నటుడు దొరికేవాడు కాదు. కెమెరా ముందు అరగంట ఏకబిగిన మాట్లాడక్కర్లేదు, తప్పొస్తే ఇంకో టేక్. ఆ భరోసా దొరికాక ఆయన తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ పోయాడు, చివరికి ఏమీ చెయ్యనట్టే కనపడతాడు.

నాటకాల_రాజు:
తిట్టుకోనుగానీ ఒప్పుకోనమ్మా. తగ్గించడం 64లో రిచర్డ్ దగ్గరే ఉంది, ఇందాక చెప్పాగా. భయం వల్ల పోయింది పోయినట్టే, పదిహేనేళ్ల పైచిలుకు స్టేజి. ఆ వయసులో ఒక మాక్‌బెత్, ఒక ఇయాగో రావాల్సింది. నష్టాన్ని లాభం అనడం నా వల్ల కాదు.

గోదారోడు:
ఆయ్, ఇద్దరూ పెద్దోళ్లు మాట్లాడుకుంటున్నారు గానీ నాదో డౌటండి. ఇంత గొప్పోడైతే హీరోగా ఒక్క సినిమా చెప్పండి చూద్దాం. ద డే ఆఫ్టర్ టుమారోలో మంచులో గడ్డకట్టే సైంటిస్టు, ఫిఫ్త్ ఎలిమెంట్‌లో ఫాదర్, ఏవియేటర్‌లో ఆ వాతావరణం ప్రొఫెసరు. అన్నీ సైడు క్యారెక్టర్లే కదండి. ఆస్కారన్నా వచ్చిందా?

మిడ్‌నైట్_ప్రింట్:
ఆస్కార్ నామినేషన్ ఒక్కటే, చారియట్స్ ఆఫ్ ఫైర్‌లో పరుగుపందెం కోచ్ వేషానికి సపోర్టింగ్ యాక్టర్‌గా. ఇందులో తమాషా ఏంటంటే ఆ అవార్డు ఎగరేసుకుపోయింది జాన్ గీల్‌గుడ్, ఆర్థర్ సినిమాకి. ఆ గీల్‌గుడ్ చారియట్స్‌లో కూడా ఉన్నాడు, కేంబ్రిడ్జి కాలేజీ మాస్టర్‌గా, ఆ కోచ్‌ని పెట్టుకున్నందుకు హీరోని పిలిచి క్లాసు పీకేది ఆయనే. అంటే సినిమాలోనూ బయటా ఈ కోచ్‌కి అడ్డం పడింది ఒక్కడే :) బ్రిటన్ వాళ్ల సినిమా అవార్డు బాఫ్టా మాత్రం వచ్చింది, కాన్స్‌లో కూడా సపోర్టింగ్ అవార్డు ఇచ్చారు.
ఆ కోచ్ పేరు శామ్ ముస్సబీనీ, నిజం మనిషే, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్లు గెలిచిన హెరాల్డ్ అబ్రహామ్స్‌కి ట్రైనింగ్ ఇచ్చినాయన. డబ్బులు తీసుకునే కోచ్ అంటే అప్పటి దొరలకి చిన్నచూపు. సినిమాలో ఆయన స్టేడియంలో ఉండడు, దగ్గర్లోని హోటల్ గదిలో కూర్చుంటాడు. పందెం అయిపోయింది, ఎవరు గెలిచారో తెలీదు. కిటికీలోంచి జెండా పైకెక్కడం కనపడుతుంది, బ్రిటిష్ జాతీయ గీతం వినపడుతుంది. టోపీ తీస్తాడు. మంచం మీద కూర్చుంటాడు. ఉన్నట్టుండి ఆ గడ్డి టోపీ అడుగు బద్దలయ్యేలా పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, నా కొడుకు అంటాడు. అంతే సీను. పందెం సీను కంటే అది ఎక్కువ గుర్తుంటుంది నాకు.
ఇక హీరో అన్నారు కదా. ద స్వీట్ హియరాఫ్టర్, 1997, ఆటమ్ ఎగోయాన్ తీసిన కెనడా సినిమా, కాన్స్‌లో గ్రాండ్ ప్రీ. ఆయన అరవై దాటాక వచ్చిన లీడ్ రోల్. స్కూల్ బస్సు గడ్డకట్టిన చెరువులో పడి పిల్లలు పోయిన ఊరికి కేసు వేద్దామని వచ్చే లాయరు. ఆయనకీ ఒక కూతురుంది, డ్రగ్స్‌కి బానిసై ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేస్తుంటుంది. విమానంలో పక్కసీటు అమ్మాయికి ఒక కథ చెప్తాడు. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు సాలీడు కుట్టి గొంతు వాచిపోతోంది, ఆసుపత్రి చాలా దూరం, భార్య కారు నడుపుతోంది, పిల్ల ఈయన ఒళ్లో. ఊపిరి ఆగేలా ఉంటే గొంతు కోసి దారి చెయ్యమని డాక్టరు ఫోన్లో చెప్పాడు, చేతిలో చిన్న కత్తి. ఒక చేత్తో కత్తి, నోట్లో జోలపాట. కొయ్యాల్సిన అవసరం రాలేదు. ఇదంతా అరుపుల్లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్తాడు. గోదారోడు గారూ, ఇది చూసొచ్చి అప్పుడు సైడు క్యారెక్టరనండి.

గోదారోడు:
సరేనండి చూత్తాను. చదూతుంటేనే కడుపులో దేవింది.

లండన్_డాక్టర్:
చాలాకాలం తర్వాత లాగిన్ అయ్యాను, ఈ పేరు చూసి. 97లో నేను ఇక్కడ జూనియర్ డాక్టర్ని, నేషనల్ థియేటర్లో డైరెక్టర్ రిచర్డ్ ఐర్ కింగ్ లియర్ చేశాడు, లియర్‌గా ఇయాన్ హోమ్. పెద్ద హాల్లో కాదు, కాట్స్‌లో (Cottesloe) అనే వాళ్ల చిన్న హాలు, మూడు నాలుగొందల మంది పడతారేమో. టికెట్ల కోసం జనం కొట్టుకున్నారు, నాకు డ్యూటీ అయ్యాక పొద్దున్నే లైన్లో నిలబడితే దొరికింది. మధ్యలో పొడుగ్గా ఆడే స్థలం, రెండు వైపులా జనం, దాక్కోడానికి చోటు లేదు ఆయనకి.
లియర్ అంటే గడ్డం, గర్జన అనుకుని వెళ్లా. వచ్చిందేమో పొట్టి ముసలాయన, చురుగ్గా, చిరాగ్గా, ఇంట్లో అందరూ భయపడే తండ్రిలా. రాజ్యం పంచే సీన్లో పెద్దగా అరుస్తుంటే నాకు రాజు కనపడలేదు, భోజనాల దగ్గర కంచం విసిరేసే ఇంటి పెద్ద కనపడ్డాడు. తుఫాను సీన్లో ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడ్డాడు, అరవై అయిదేళ్ల మనిషి, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఎవ్వరూ నవ్వలేదు, ఎవ్వరూ కదల్లేదు. విదూషకుడిగా మైకేల్ బ్రయంట్, ఆయనా ముసలాయనే, ఇద్దరు ముసలాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని వర్షంలో... డాక్టరుగా వార్డుల్లో చూస్తుంటాను ఇలాంటి జంటల్ని, ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.
వేదికంటే వణికిన మనిషి అని నాకు అప్పటికి తెలీదు. తెలిసుంటే చూడగలిగేవాణ్ణి కాదేమో. ఆ లియర్‌కి ఒలీవియే అవార్డు వచ్చింది, 98లో సర్ బిరుదు. బీబీసీ కోసం ఐరే దాన్ని మళ్లీ చిత్రీకరించాడు, దొరికితే వదలకండి.

నాటకాల_రాజు:
డాక్టరు గారూ, అదృష్టవంతులండీ మీరు. నేను ఆ బీబీసీ రికార్డే చూశా. ఇంకేం రాయను, మీరు రాసిందే చాలు.

సినీపురుగు:
ఇదంతా చదివాక రోములస్ మీద ఇంకా కోపం వస్తోంది. ఇంత మనిషిని తీసుకొచ్చి కంప్యూటర్ బొమ్మ చేశారు. కళ్లు ఒకటి చెప్తాయి, నోరు ఇంకోటి. అసలు ఇది కరెక్టేనా?

వరంగల్_వేణు:
పూర్తిగ కంప్యూటర్ కాదు తమ్మీ. బొమ్మ తయారు చేసిన్రు, లోపల మోటర్లతోని మొహం కదిలేటట్టు, ఇంకో నటుడు డేనియల్ బెట్స్ అని ఆయన గొంతు, హావభావాలు ఇచ్చిండు, దాని మీదికెళ్లి ఏఐ, గ్రాఫిక్స్. ఇంటివాళ్లు కూడ ఒప్పుకున్నరని డైరెక్టర్ ఫెదే ఆల్వారెజ్ చెప్పిండు. థియేటర్ల చూసి జనం మొత్తుకుంటే ఓటీటీకి వచ్చేటప్పుడు జర సాపు చేసిన్రు కూడ. నువ్వు చూసింది గా మంచిదే!

పద్మజ_కె:
కుటుంబం ఒప్పుకుంటే చట్టం ప్రకారం సరే. మన దగ్గర బాలు గారి గొంతు ఏఐతో వాడారని వాళ్లబ్బాయి చరణ్ గారు లీగల్ నోటీసు పంపారు, అడక్కుండా చేశారని ఆయన బాధ. అటువైపు రహ్మాన్ గారు లాల్ సలామ్‌లో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడితే వాళ్ల ఇళ్లలో అడిగి, డబ్బిచ్చి వాడామని చెప్పారు. ఆ తేడా నాకు ముఖ్యమే.
కానీ హోమ్ విషయంలో నా గొడవ అనుమతి గురించి కాదు. గొంతైతే కొంత పట్టుకోవచ్చు. ఈయన నటన ఉన్నదంతా ఏది చూపించకుండా ఆపుకున్నాడో అందులో ఉంది. వేణు గారు చెప్పిన ఆ రెండు సెకన్ల కాళ్లాట ఏ కంప్యూటర్‌కి తడుతుంది? వాళ్లకి దొరికింది మొహం. దాంతో ఏం చెయ్యాలో నిర్ణయించే మనిషి లేడు.

గోదారోడు:
నేనైతే అంత సీరియస్సుగా తీసుకోనండి. అది రోబో క్యారెక్టరు, ఒకే మోడల్ రోబోలు కంపెనీ బోల్డు తయారుచేసుద్ది, మొహం ఒకటే ఉంటది. కథకి సరిపోయింది. ఈ సినిమా వల్లే కదా మనం ఇక్కడ ఇంతసేపు ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం.

హాబిట్_పిల్లాడు:
పాయింటే కానీ బతికుండగా ఎలా చూసుకున్నారో కూడా చూడాలి. ద హాబిట్ టైమ్‌కి ఆయనకి పార్కిన్సన్స్ వచ్చింది, డైలాగులు గుర్తుండట్లేదు, న్యూజిలాండ్ దాకా ప్రయాణం కుదరదు. డైరెక్టర్ పీటర్ జాక్సన్ వాళ్లే లండన్ వచ్చి, బిల్బో ఇల్లు సెట్ వేసి, నలుగురే ఉన్నట్టు చిన్న యూనిట్‌తో ఆయన బిట్లు తీసుకెళ్లారు. ఆయన పోయాక జాక్సన్ ఇదంతా రాశాడు, చదివితే ఏడుపొస్తుంది. 2014లో వచ్చిన మూడో హాబిట్టే ఆయన ఆఖరి సినిమా. వణికే చెయ్యి, తడబడే గొంతు, అన్నీ ఆయనవే.

లండన్_డాక్టర్:
పార్కిన్సన్స్‌లో ముఖ కండరాలు బిగుసుకుని హావభావాలు తగ్గిపోతాయి. ఇది తెలిసినవాడిగా ఆ బిట్లు చూశాను. కళ్లతో లాక్కొచ్చాడు.

సినీపురుగు:
థాంక్స్ అందరికీ, ఇంత వస్తుందనుకోలేదు. ఈ వీకెండ్ చారియట్స్, తర్వాత స్వీట్ హియరాఫ్టర్ పెడదామనుకుంటున్నా. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, కలిసి చూడొచ్చా?

మిడ్‌నైట్_ప్రింట్:
చారియట్స్ చూడొచ్చు, పాపకి బోర్ కొడుతుందంతే. స్వీట్ హియరాఫ్టర్ మాత్రం పాప పడుకున్నాక, అదీ మీ ఆవిడకి ముందే కథ చెప్పి. పాపతో చూడాలంటే రాటటూయీ పెట్టండి, ఎలక వెనక పరిగెత్తే ఆ పొట్టి చెఫ్ స్కిన్నర్ గొంతు ఈయనదే.

సినీపురుగు:
అయ్య బాబోయ్, అది మా ఇంట్లో రోజూ ఆడుద్ది! ఆ తిక్క చెఫ్ ఈయనా?!